పగలని టెస్ట్ ట్యూబులు

ఈ కాలం పిల్లలకు తెలివి తక్కువని నేనెప్పుడూ అనను. మేము డిగ్రీలో కుస్తీ పట్టిన పాఠాలు కొన్ని వీళ్ళు ఇంటర్ దాటకుండానే ఒంటబట్టించుకుంటున్నారు. నా బాధ వేరే. వాళ్ళలో ఒకణ్ణి పిలిచి, "బాబూ, ఈ లెక్క చూడు, పద్ధతి నేను చెప్పను, నీకు తోచినట్టు చెయ్యి" అనండి. కాగితం మీద కలం పెట్టడు. మన మొహంలోకి చూస్తాడు. "ఏ ఫార్ములా సార్?" అంటాడు. ఫార్ములా చెబితే నిమిషంలో తేల్చేస్తాడు. చెప్పకపోతే గంట గడిచినా కాగితం తెల్లగానే ఉంటుంది. నాలుగు గీతలు గీసి కొట్టేయడానికి కూడా వాడికి చెయ్యి రాదు. తప్పు పోతుందేమోనని భయం. ఆ భయం వాడు పుట్టుకతో తెచ్చుకోలేదు. మనమే నేర్పించాం, ఫీజులు కట్టి మరీ నేర్పించాం.

నా ఉద్యోగమంతా పశ్చిమ గోదావరి జిల్లాలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పడంతోనే గడిచింది. అందుకని నా గోల ల్యాబ్ దగ్గర మొదలవుతుంది.

మా రోజుల్లో సైన్సు చదివే కుర్రాణ్ణి చేతులు చూసి గుర్తుపట్టేవాళ్ళు. సిల్వర్ నైట్రేట్ పడిన చోట వేళ్ళ మీద నల్లమచ్చలు రోజుల తరబడి ఉండేవి. చొక్కాకి యాసిడ్ చిల్లులు. కిప్స్ ఉపకరణం నడిపిన రోజున కుళ్ళిన గుడ్ల వాసన వరండా దాటి ఆఫీసు గది దాకా వెళ్ళేది, గుమస్తా గారు లేచి కిటికీలు మూసుకునేవారు. చేరేటప్పుడే కాషన్ డిపాజిట్ అని కొంత కట్టించుకునేవారు. ఏది పగలగొట్టినా బ్రేకేజి రిజిస్టర్లో పేరెక్కేది, ఏడాది చివర ఆ డిపాజిట్లోంచి కోసుకునేవారు. ఇంట్లో నాన్నకి ఏం చెప్పాలా అన్న దిగులు ఉండేది గానీ, పగలగొట్టినవాణ్ణి చేతకానివాడని మాత్రం ఎవరూ అనేవారు కాదు. ఆ రిజిస్టర్లో పేరు లేనివాడంటే ల్యాబ్‌కి సరిగ్గా రానివాడని లెక్క.

నరసాపురంలో బీఎస్సీ చదివేటప్పటి ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. ఆ రోజు పర్మాంగనేట్, ఆక్జాలిక్ ఆమ్లం టైట్రేషన్. చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫ్లాస్కులో రంగులేని ఆక్జాలిక్ ఆమ్లం, అందులో కొంత సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, పైన బ్యూరెట్లో ముదురు వంకాయరంగు పర్మాంగనేట్. చుక్క పడుతుంది, రంగు విరిగిపోతుంది, మళ్ళీ చుక్క. చివరికి ఒక్క చుక్కతో లేత గులాబి రంగు వచ్చి నిలబడితే అక్కడ ఆపి రీడింగు తీసుకోవాలి. నా పక్క బల్ల కుర్రాడికి మొదట్లోనే రంగు నిలబడిపోయింది. సంబరంగా రీడింగు రాసేసుకున్నాడు. మాస్టారు వచ్చి చూశారు. తప్పు అనలేదు. "ఫ్లాస్కు అడుగున చెయ్యి పెట్టి చూడు" అన్నారు. పెట్టాడు. చల్లగా ఉంది. ఆక్జాలిక్ ఆమ్లాన్ని ముందు వేడి చెయ్యాలి. చల్లగా ఉంటే చర్య నత్తనడకన సాగుతుంది, పడిన చుక్క రంగు విరగడానికే బోలెడంతసేపు పడుతుంది. వాడు నాలిక కరుచుకుని స్టవ్ దగ్గరికి పరిగెత్తాడు.

అవతల బల్ల మీద ఇంకొకడి ఫ్లాస్కులో గులాబి రంగే లేదు, గోధుమరంగు మడ్డి దిగింది. సల్ఫ్యూరిక్ ఆమ్లం చాల్లేదన్నమాట. మాంగనీసు పూర్తిగా దిగిరాకుండా సగం దారిలో ఆగిపోయి, డయాక్సైడ్ అయి అడుగున కూర్చుంది. వాడు గబగబా సింకులో పారబోయబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ ఫ్లాస్కు అందుకుని, అందర్నీ పిలిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. "సరిగ్గా చేసినవాళ్ళకి ఇది కనబడదురా. వీడి పుణ్యమా అని చూడండి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నవాడు కాస్తా ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పర్మాంగనేట్‌కి ఆమ్లం ఎందుకు కావాలో ఆ తరవాత నేనెన్ని క్లాసుల్లో చెప్పానో, ఒక్కసారీ పుస్తకం తెరవలేదు. ఆ మడ్డి కళ్ళముందు కనబడుతుంటే చాలు.

అలాగని ఆయన మెతక మనిషి కాదు. ఒక్కో బల్లకి ఒక్కో గాఢత ఉన్న ద్రావణం ఇచ్చేవారు, ఆ సంగతి మాకు చెప్పేవారు కాదు. పక్కవాడి రీడింగు ఎక్కించుకున్నవాడు అక్కడే దొరికిపోయేవాడు. అలా దొరికినవాడి రికార్డు కిటికీలోంచి బయటికి వెళ్ళేది. తప్పు రీడింగుకి ఆయన ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. దొంగ రీడింగుకి ఎవర్నీ క్షమించగా చూడలేదు.

ఏ తప్పు చెయ్యనివ్వాలో, ఏది చెయ్యనివ్వకూడదో కూడా ఆయనకి బాగా తెలుసు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఎవడైనా నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టుకుని లాగేసేవారు. ఆమ్లాన్నే నీళ్ళలోకి, కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి. లేదంటే ఆ వేడికి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. అక్కడ చేసి నేర్చుకో అనడానికి వీల్లేదు, కళ్ళు పోతాయి. టైట్రేషన్ చెడితే పోయేది ఒక మధ్యాహ్నం. అలాంటి తప్పులు మమ్మల్ని కావలసినన్ని చెయ్యనిచ్చారు. పిపెట్‌ని నోటితో పీల్చడం మాత్రం మా కాలం వాళ్ళు మానుకోవలసిన పని. ఇప్పుడు రబ్బరు బల్బులు వచ్చాయి, మంచిదే.

ఇక ఇప్పటి సంగతి. రిటైరయ్యే ముందు ఏళ్ళలో ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళేవాణ్ణి. ఒక కాలేజీలో, పేరు అనవసరం, ల్యాబ్ బల్లలు తళతళలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు. కొన్ని బ్యూరెట్లకి కంపెనీ స్టిక్కర్లు కూడా ఊడలేదు. బ్రేకేజి రిజిస్టరు ఉందా అని అడిగాను. తెచ్చిచ్చారు. కొత్త పుస్తకం, మొదటి పేజీ నుంచీ ఖాళీ. ఒక కుర్రాడు బ్యూరెట్ నింపకముందే పట్టికలో రీడింగులన్నీ వేసేశాడు. "రంగు ఎందుకు విరుగుతుంది బాబూ?" అని అడిగాను. ఆక్సీకరణం, క్షయకరణం, ఎలక్ట్రాన్ల లెక్కతో సహా గడగడా అప్పజెప్పాడు. ఒక్క ముక్క తప్పు లేదు. "ఎప్పుడైనా చూశావా?" అన్నాను. తల దించుకున్నాడు. వాళ్ళకి ల్యాబ్ తలుపు తెరిచిందే పరీక్షల ముందట. రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని ఎక్కించినది. ప్రాక్టికల్స్‌కి ముప్పై మార్కులు, ముప్పైకి ముప్పై అందరికీ పడాలని మేనేజిమెంటు పట్టుదల. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. వాడు చెయ్యవలసిన తప్పులన్నీ దోచుకున్నవాళ్ళ మీద వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

జేఈఈ మెయిన్ అయినా నీట్ అయినా, సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పు జవాబుకి ఒకటి కోత, వదిలేస్తే సున్నా. పరీక్ష వరకూ అందులో న్యాయం ఉంది, లక్షలమంది రాసే చోట గుడ్డిగా గీకేసేవాళ్ళని ఆపాలి కదా. నా తగాదా ఆ పరీక్షతో కాదు. ఆ ఒక్క పరీక్ష కోసం ఆరో తరగతి నుంచే పిల్లల్ని ఆ కొలతకి కోసి కుట్టేస్తున్నారే, దానితో. వారం వారం టెస్టు, వారం వారం ర్యాంకు, ర్యాంకుని బట్టి సెక్షను. తెలియనిదాన్ని ముట్టుకోకు, తెలిసిందే చెయ్యి అని ఏళ్ళ తరబడి నూరిపోశాక, పద్దెనిమిదేళ్ళకి వాడు కాలేజీ దాటేసరికి కొత్తదేదీ ముట్టుకోడు. ఆ తరవాత వాణ్ణి కూర్చోబెట్టి, స్టార్టప్ పెట్టు, తెగించు, రిస్కు తీసుకో అని ఉపన్యాసాలు ఇస్తాం. ఎక్కణ్ణుంచి వస్తుంది తెగింపు?

ఈ మాట అంటే మా మనవరాలు నాతో పోట్లాడుతుంది. "మీ రోజుల్లో తప్పితే సెప్టెంబర్లో రాసుకునేవారు తాతయ్యా. కాకపోతే పొలం ఉంది. మాకు ఒక్క మార్కు పోతే వేల ర్యాంకులు కిందకి పోతాం" అంటుంది. నిజమే, కాదనను. సీటు పోయే చోట తప్పులు చెయ్యమని నేనూ అనను. అందుకే పోటీ ఇంత ముదిరిన కాలంలో, ఏమీ పోని చోట్లు పిల్లలకి ఇంకా ఎక్కువ కావాలి. ఎనిమిదో తరగతి లెక్కల నోటు, ల్యాబ్ బల్ల, స్కూలు వార్షికోత్సవంలో నాటకం, పెరట్లో మొక్కలు. ఇక్కడ చెడగొట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. మనం చేసిందేమిటంటే, ఆ చోట్లన్నిటికీ కూడా మార్కులు పెట్టేశాం, లేదా తాళం వేసేశాం.

మా ఊళ్ళలో పదో తరగతి తప్పినవాడు ఇంటింటికీ ఉండేవాడు. నాలుగు రోజులు తిట్లు తినేవాడు, సైకిల్ షాపులోనో కిరాణా కొట్లోనో కూర్చునేవాడు, సెప్టెంబర్లో మళ్ళీ రాసేవాడు. ఎవరూ దాన్ని చావుబతుకుల సంగతి చెయ్యలేదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వాల్యుయేషన్‌లో పొరపాట్లు జరిగాయని పెద్ద గొడవ అయింది, రీవెరిఫికేషన్లు జరిగాయి. అదంతా జరగవలసిందే. కానీ మార్కుల లెక్క నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉన్నా, పరీక్ష తప్పితే బతుకు లేదని ఆ పిల్లలకి ఎవరు చెప్పారు? వాళ్ళు పుస్తకంలో చదువుకున్న మాట కాదది. మన ఇళ్ళలో, మన భోజనాల దగ్గర విన్న మాట.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకి కంటగింపై, ఎం.బి.బి.ఎస్. రావలసినాయనకి ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. అయినా 1922లో అమెరికా వెళ్ళి, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో నిలదొక్కుకున్నారు. రక్తంలో ఫాస్ఫరస్‌ని రంగు చూసి కొలిచే పద్ధతి అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో కనిపెట్టారు. అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతోనే పాఠ్యపుస్తకాలకెక్కింది. మా పిల్లలకి ఆయన పేరు క్విజ్ ప్రశ్నగా తెలుసు. ఆయన పని ఎలా సాగిందో చెప్పినవాళ్ళు తక్కువ.

1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారు చెయ్యగలిగింది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆ జబ్బుకి ఫోలిక్ ఆమ్లం పనిచేస్తుంది. అది కాన్సర్‌కి కూడా పనికొస్తుందేమోనన్న ఆశ ఆ రోజుల్లో ఉండేది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశారు. జరిగింది తలకిందులు. ఎముక మజ్జలో రోగకణాలు ఇంకా విజృంభించాయి.

దాన్ని ఎవరూ తేలిగ్గా తలుచుకోలేరు. అవతల ఉన్నది పసిబిడ్డలు. అప్పటికి ఆ రోగానికి మందన్నదే లేదు, కొన్ని వారాల్లోనో నెలల్లోనో పోయేవారు. ఆ ఫలితాన్ని దాచేసి ఊరుకుని ఉంటే కథ అక్కడితో సరి. ఫార్బర్ దాన్ని తిరగేసి చూశారు. ఫోలిక్ ఆమ్లంతో రోగం పెరుగుతోందంటే, దాని పనికి అడ్డుపడేది ఇస్తే రోగం తగ్గాలి. సుబ్బారావు గారి బృందం చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని చోటు ఆక్రమించి పని జరగనివ్వని అమినాప్టెరిన్‌ని చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం వెనక్కి తగ్గింది. ఎక్కువకాలం నిలవలేదు, నిజమే. కానీ ల్యుకేమియాని మందుతో వెనక్కి నెట్టవచ్చని అప్పుడే తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ ల్యుకేమియాకీ, కీళ్ళవాతానికీ రాస్తున్నారు. సుబ్బారావు గారు అదే ఏడు ఆగస్టులో పోయారు. ఆ బోస్టన్ వార్డులో ఎవరైనా మనలాగా, అనుకున్న ఫలితమే పట్టికలో వేసేసి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. దొంగ రీడింగు మీద మా మాస్టారికి అంత కోపం ఎందుకో నాకు ఆ కథ చదివాక ఇంకా బాగా అర్థమైంది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే చంద్రయాన్. 2019 సెప్టెంబరు 7న రెండో చంద్రయాన్ ల్యాండర్ చంద్రుడి మీద పడి ముక్కలైంది. మూడోదాన్ని ఎలా తయారు చేశారో అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ గారు చెప్పారు. ఏమేం చెడిపోవచ్చో ముందు రాసుకుని, చెడినా దిగేలా చెయ్యడం. దిగే చోటు అంతకుముందు అర కిలోమీటరు చదరం, ఈసారి 4 కిలోమీటర్లు పొడుగు, 2.4 కిలోమీటర్లు వెడల్పు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది దిగింది. మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది కాబట్టి ఆ రోజు చాలా స్కూళ్ళలో పిల్లలకి టీవీ పెట్టి చూపించి, చప్పట్లు కొట్టించారు. మర్నాడు అదే పిల్లల్ని కూర్చోబెట్టి, 2019లో ఏం చెడిందో, దేన్ని మార్చారో ఒక్క పీరియడ్ చెప్పిన స్కూళ్ళు ఎన్ని?

మా ప్రాంతం వాళ్ళకి చెడి నేర్చుకునే ఈ చదువు చెరువుగట్ల మీద దొరికింది. తొంభైల మొదట్లో వరిచేలు తవ్వి టైగర్ రొయ్య వేశారు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. బంగారం అమ్ముకున్నవాళ్ళు, ఊరు విడిచినవాళ్ళు నాకు తెలుసు. మిగిలినవాళ్ళు నేర్చుకున్నారు. రొయ్యపిల్లల్ని (సీడ్) దింపే ముందు వైరస్ పసిగట్టే పీసీఆర్ పరీక్ష, చెరువు ఎండగట్టి సున్నం, కాకులు వాలకుండా పైన తీగలు, పీతలు పాకి రాకుండా చుట్టూ వల. 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చేసరికి చేతిలో ఆ అనుభవం ఉంది. ఇవాళ రొయ్యల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భూములు ఉప్పుబారడం, తాగునీళ్ళు పాడవడం గురించి వేరే పెద్ద తగాదా ఉంది, అది మరోసారి.

అలా మునిగి తేలిన రైతుల్లో నా పాత విద్యార్థి ఒకడున్నాడు. తెల్లమచ్చకి సర్వం పోగొట్టుకుని, మళ్ళీ అప్పు చేసి, మళ్ళీ చెరువు పట్టి నిలబడ్డ మనిషి. కిందటి వేసవిలో కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు ఇంటర్ మొదటి ఏడు రాసి ఉన్నాడు. "మాస్టారూ, కెమిస్ట్రీలో వీడికి రెండు మార్కులు పోయాయండి, సెలవుల్లో మీరు కాస్త చూడాలి" అన్నాడు. రెండు మార్కులు. కుర్రాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక పద్ధతి పెట్టాను. రికార్డులో ఎడమవైపు తెల్ల పేజీలో, ఆ రోజు ప్రయోగంలో ఏం చెడిందో, ఎందుకు చెడిందనుకుంటున్నారో రాయమనేవాణ్ణి. రాసినవాళ్ళకి ఇంటర్నల్స్‌లో నేనే మార్కులు వేసేవాణ్ణి. ఏమీ చెడలేదని రాసినవాణ్ణి పిలిచి మళ్ళీ చేయించేవాణ్ణి. ఇంటర్ బోర్డు వాళ్ళు తలుచుకుంటే ప్రాక్టికల్స్‌కున్న ఆ ముప్పైలో ఒక అయిదు మార్కులు దీనికి కేటాయించడం ఎంతసేపు పని? పైసా ఖర్చు లేదు.

ఆ పద్ధతి సంగతి మా రైతుకి గుర్తు చేశాను. వాడి రికార్డులో ఎడమ పేజీలు నిండుగా ఉండేవి. నవ్వాడు. "కెమిస్ట్రీ నేను చూస్తాలే, ఈ సెలవుల్లో నీ చెరువుల్లో అన్నిటికంటే చిన్నది వీడికి అప్పగించు" అన్నాను. "సీడ్ ఎక్కడ కొనాలో, మేత ఎంత వెయ్యాలో, ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో వాణ్ణే తేల్చుకోనీ. అడిగితే చెప్పు. అడక్కపోతే నోరు మెదపకు."

"పంట పోతే, మాస్టారూ?"

"ఎంత పోతుందో నీకు తెలుసుగా. భరించగలిగినంత చెరువే ఇవ్వు."

కుర్రాడు అప్పుడు తలెత్తాడు. నీటి పీహెచ్ ఎంత ఉండాలి, అది పొద్దునకీ సాయంత్రానికీ ఎందుకు మారుతుంది అని అడిగాడు, నన్ను కాదు, వాళ్ళ నాన్నని. వాళ్ళిద్దరూ మా వీధి చివర దాకా అదే మాట్లాడుకుంటూ వెళ్ళారు. చెరువు ఇచ్చే సంగతి ఆలోచించి చెబుతానన్నాడు మా రైతు. ఇంకా చెప్పలేదు. ఈసారి కనబడితే మళ్ళీ అడుగుతాను.